ఫ్లోరైడ్ పంటి మీద బ్రాకెట్ నిలవాలంటే: ఏ జిగురు, ఎక్కడ, ఎందుకు

ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న అమ్మాయికి ఒక్క బ్రాకెట్ (తీగను పట్టుకునేందుకు పంటికి అతికించే చిన్న బిళ్ళ) ఊడినా ఆమెకు ఆ రోజు బడి పోతుంది, తోడు వచ్చే అమ్మకో నాన్నకో కూలి పోతుంది. క్లినిక్‌లో పాత జిగురు గీకి, పంటిని మళ్ళీ సిద్ధం చేసి అతికించేసరికి 20 నిమిషాలైనా పడుతుంది. ఈలోపు తీగ పట్టు తప్పిన పన్ను వచ్చిన దారినే కొంత వెనక్కి పోతుంది. మదనపల్లె రోడ్డు పల్లెల నుంచి కడపకు వచ్చేవాళ్ళదైనా, కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వచ్చేవాళ్ళదైనా ఇదే పరిస్థితి. కాబట్టి ఇక్కడ జిగురు ఎంచుకునేటప్పుడు ఏది అన్నిటికంటే గట్టిది అని చూస్తే చాలదు. ఈ పంటి మీద, ఈ తడిలో, ఈ ఎండలో ఏది నిలుస్తుందో చూడాలి.

కంపెనీ కరపత్రాల మీద కనిపించే మెగాపాస్కల్ (ఇంత వైశాల్యానికి ఇంత బలం అని చెప్పే కొలత) అంకెతోనే మొదలుపెడదాం. ఎంత బలం చాలు అన్నదానికి ఇప్పటికీ అందరూ చెప్పేది 1975లో రేనాల్డ్స్ ఇచ్చిన లెక్కే: 5.9 నుంచి 7.8 మెగాపాస్కళ్ళు. మామూలు స్టీలు బ్రాకెట్ అడుగు వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు అనుకుంటే, అది 6 నుంచి 8 కిలోల బరువు లాగినంత బలం. నేటి కాంపోజిట్ (గాజు లాంటి పొడి కలిపిన రెసిన్, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం) జిగుర్లన్నీ ప్రయోగశాలలో ఈ గీతను సునాయాసంగా దాటుతాయి. అయితే ఆ పరీక్ష జరిగేది పీకేసిన, ఆరోగ్యంగా ఉన్న పంటి మీద. ఉమ్మి ఉండదు, నాలుక అడ్డురాదు. యంత్రం నిమిషానికి మిల్లీమీటరో అంతకన్నా తక్కువో జరుగుతూ నెమ్మదిగా తోస్తుంది. నోట్లో పడే దెబ్బ అలా ఉండదు. అది ఒక్కసారిగా, పక్క నుంచి, రోజుకు వందలసార్లు పడుతుంది. ప్రయోగశాలలో 15 మెగాపాస్కళ్ళు చూపించిన జిగురు, అక్కడే 9 చూపించినదాని కంటే నోట్లో తప్పకుండా ఎక్కువ కాలం ఉంటుందని చెప్పలేం. బ్రాకెట్ జిగుర్ల మీద కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే సంస్థ నివేదిక) కూడా ఫలానాదే మేలని తేల్చలేకపోయింది.

పైగా బలం ఒక హద్దు దాటితే ప్రమాదమే. ఎనామెల్, అంటే పంటి పైనుండే గట్టి పొర, తట్టుకునే లాగుడు బలం దాదాపు 14 మెగాపాస్కళ్ళు. జిగురు దానికంటే గట్టిగా పట్టుకుంటే, చికిత్స ముగిశాక బ్రాకెట్ తీసేటప్పుడు జిగురు బదులు పన్నే పెచ్చు లేవొచ్చు. పింగాణీ బ్రాకెట్లు వంగవు కాబట్టి వాటి విషయంలో ఈ భయం మరీ ఎక్కువ.

పన్ను తీరు

రాయలసీమలో అసలు చిక్కు జిగురు డబ్బాలో కంటే పంటిలోనే ఎక్కువగా ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. అనంతపురం జిల్లాలో, కడప, కర్నూలు జిల్లాల్లో కొన్ని చోట్ల లోతు బోర్ల నీరు ఈ హద్దు దాటింది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం పల్లెలకు రావడానికి ముందు చాలా ఊళ్ళకు బోరు నీరే ఆధారం. జ్ఞానదంతాలు తప్ప మిగతా శాశ్వత పళ్ళ ఎనామెల్ తయారయ్యేది పుట్టినప్పటి నుంచి ఏడెనిమిదేళ్ళ వరకు. ఆ వయసులో తాగిన నీటి గుర్తు పంటిలో శాశ్వతంగా ఉండిపోతుంది. ఇప్పుడు పట్నంలో ఉంటూ ఫిల్టర్ నీళ్ళు తాగే ఇరవై ఏళ్ళ యువకుడి పంటి మీద కూడా చిన్నప్పటి ఊరి నీళ్ళు కనిపిస్తాయి.

ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే లోపం) ఉన్న పంటి పైపొర మామూలు ఎనామెల్ కంటే గట్టిగా ఉంటుంది, ఆసిడ్‌కు ఓ పట్టాన కరగదు. దాని కిందే ఖనిజం సరిగా పట్టని గుల్ల పొర ఉంటుంది. జిగురు పట్టు అంతా ఆసిడ్ చేసే సూక్ష్మ రంధ్రాల్లోకి రెసిన్ వేళ్ళూనడం మీదే ఆధారపడింది. 1955లో బ్యూనోకోర్ 85 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్‌తో చూపించిన సూత్రమే నేటికీ నడుస్తోంది, ఆసిడ్ గాఢత మాత్రం 37 శాతానికి తగ్గింది. ఫ్లోరైడ్ పైపొర మీద ఆ రంధ్రాలు కొన్ని చోట్ల పడతాయి, కొన్ని చోట్ల పడవు. మరీ ఎక్కువసేపు ఆసిడ్ ఉంచితే పైపొర పోయి గుల్ల పొర బయటపడుతుంది. జిగురు దాన్ని బాగానే పట్టుకుంటుంది గానీ, దెబ్బ తగిలినప్పుడు ఆ పొరే విరిగిపోతుంది.

అందుకే మొదటి రోజే పంటిని ఆరబెట్టి, మంచి వెలుతురులో ఫ్లోరోసిస్ ఎంత ఉందో చూసి రాసుకోవాలి. సన్నని తెల్ల గీతలు, మబ్బుల్లాంటి మచ్చలు మాత్రమే ఉంటే మామూలు పంటిలాగే చూడొచ్చు, 30 సెకన్ల ఎచింగ్ (పంటికి ఆసిడ్ పెట్టడం) చాలు. పన్నంతా సుద్దలా తెల్లగా ఉన్నా, గోధుమ రంగు పట్టినా, గుంటలు పడినా పద్ధతి మారాలి. పైపొరను 50 మైక్రాన్ల అల్యూమినా పొడితో మూడు నాలుగు సెకన్లు గరుకు చేసి, ఎచింగ్‌ను 60 నుంచి 90 సెకన్ల దాకా పెంచి, మామూలు ప్రైమర్ (జిగురు కంటే ముందు రాసే పల్చటి ద్రవం) బదులు పట్టు పెంచే అడ్హెషన్ ప్రమోటర్ వాడటం ఆచరణలో ఎక్కువ నమ్మదగిన దారి. ఎం.డి.పి. అనే మోనోమర్ ఉన్న యూనివర్సల్ బాండింగ్ ద్రవాలు పంటిలోని కాల్షియంతో రసాయనికంగానూ కలుస్తాయి కాబట్టి వాటికీ ఇక్కడ చోటుంది. అల్యూమినా పొడి కొట్టేటప్పుడు రబ్బర్ డ్యామో (పళ్ళ చుట్టూ పరిచే రబ్బరు పొర), బలమైన సక్షనో ఉండాలి. ఆ పొడి రోగి ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడదు. గుంటలు లోతుగా ఉన్న దవడ పళ్ళకు బ్రాకెట్ మోజు వదిలి బ్యాండ్ (పంటి చుట్టూ తొడిగే లోహపు పట్టీ) వేసి గ్లాస్ అయోనమర్ (గాజు పొడి, ఆసిడ్ కలిసి గట్టిపడే సిమెంటు)తో అతికించడమే మేలు.

జిగుర్లను పక్కపక్కన పెడితే

పాత కాలపు రెండు పేస్టుల కాంపోజిట్ ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. కలిపేటప్పుడు గాలి బుడగలు చేరతాయి, కలిపిన క్షణం నుంచే గడియారం పరిగెడుతుంది. ఎండాకాలంలో ఆ సమయం ఇంకా కుదించుకుపోతుంది, ఎందుకంటే వేడి పెరిగేకొద్దీ రసాయన చర్య వేగం పెరుగుతుంది. కలపనక్కర్లేని 'నో-మిక్స్' రకం ఇంకా చాలా క్లినిక్‌లలో ఉంది. పంటి మీద, బ్రాకెట్ అడుగున ప్రైమర్ రాసి, పేస్టు పెట్టి నొక్కితే రెండు వైపుల నుంచీ గట్టిపడుతుంది. దీనికి లైట్ అక్కర్లేదు, కరెంటు పోయినా పని ఆగదు. మెలిక ఒక్కటే: పేస్టు పొర పల్చగా ఉంటేనే ప్రైమర్ ప్రభావం మధ్య దాకా చేరుతుంది. గుంటలున్న ఫ్లోరైడ్ పంటి మీద పొర మందంగా మిగిలి మధ్యలో సరిగా గట్టిపడని జిగురు ఉండిపోతుంది. బ్రాకెట్‌ను గట్టిగా అదమకుండా సుతారంగా పెట్టినా ఇదే జరుగుతుంది.

నేడు ఎక్కువ చేతుల్లో ఉన్నది లైట్‌తో గట్టిపడే కాంపోజిట్. ట్రాన్స్‌బాండ్ ఎక్స్‌టీ, ఎన్‌లైట్ లాంటివి ఈ కోవలోవే. బ్రాకెట్ సరైన చోట కుదిరేదాకా తీరిక ఇవ్వడం దీని పెద్ద బలం. ఒక్కో బ్రాకెట్ ఎత్తు గేజితో కొలిచి, వంపు సరిచూసి, అంచున పొంగిన జిగురు ప్రోబ్‌తో తీసేశాకే లైట్ పెట్టొచ్చు. పొంగిన జిగురు తీయడం అందం కోసం కాదు. దాని గరుకు అంచు మీదే పాచి పేరుకుని బ్రాకెట్ చుట్టూ తెల్ల మచ్చలు వస్తాయి. లైట్ పెట్టేదాకా రంగు కనిపించే రకాలు ఈ పనిలో సాయపడతాయి, కొత్తగా చేయి తిరుగుతున్నవాళ్ళకు మరీను. దీని బలహీనత తడి. మామూలు రెసిన్ నీటిని భరించదు. ఎచింగ్ చేసిన పంటి మీద ఒక్క క్షణం ఉమ్మి తగిలినా అందులోని ప్రోటీన్ల పొర రంధ్రాలను పూడ్చేస్తుంది, నీటితో కడిగినా పూర్తిగా పోదు. తుడిచేసి ముందుకు సాగకుండా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ 10 నుంచి 15 సెకన్లు ఆసిడ్ పెట్టాలి.

తడిని భరించే ప్రైమర్లు ఈ లోటును కొంత పూడుస్తాయి. ట్రాన్స్‌బాండ్ ఎంఐపీ లాంటివి నీటితో కలిసే గుణమున్న రెసిన్‌తో తయారవుతాయి కాబట్టి ఎచింగ్ తర్వాత కాస్త తేమ ఉన్నా పట్టు పూర్తిగా పోదు. కింది రెండో ప్రీమోలార్ (కోరపన్నుకూ పెద్ద దవడ పళ్ళకూ మధ్య ఉండే పన్ను) లాంటి, ఆరబెట్టడం కష్టమైన చోట్ల కాంపోజిట్ మీదే నిలబడాలనుకుంటే వీటిని దగ్గర ఉంచుకోవడం మంచిది. అలాగని ఉమ్మి ధారగా పారుతున్నా పనిచేస్తాయని అర్థం కాదు.

ఆసిడ్, ప్రైమర్ రెండూ ఒకే పొట్లంలో ఉండే సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్లకు ఆదరణ ఎక్కువే. కడగనక్కర్లేదు, ఒక్కో పంటికి మూడు నుంచి ఐదు సెకన్లు రుద్ది, మెల్లగా గాలి ఊదితే చాలు. ఇరవై పళ్ళ పనిలో చాలా సమయం మిగులుతుంది. బ్రాకెట్లు ఊడే రేటులో మామూలు ఎచింగ్‌కూ దీనికీ తేడా ఉందని తేల్చే గట్టి ఆధారం లేదని మరో కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఇది మామూలు ఎనామెల్ సంగతి. ఆసిడ్‌కు లొంగని ఫ్లోరైడ్ పైపొర మీద ఐదు సెకన్ల రుద్దుడు దేనికీ చాలదు. ఆ ఆసిడ్ కూడా పంటి ఖనిజాన్ని కరిగిస్తూ తానే నీరసించిపోతుంది. గోధుమ రంగు పళ్ళున్న నోట్లో దీన్ని వాడి సమయం మిగుల్చుకున్నామనుకుంటే, ఆ సమయాన్ని ఊడిన బ్రాకెట్లు తిరిగి లాక్కుంటాయి.

ఇక రెసిన్ కలిపిన గ్లాస్ అయోనమర్. ఫ్యూజీ ఆర్థో ఎల్‌సీ దీనికి బాగా తెలిసిన పేరు. ఇది కొంత రసాయనికంగా, పంటిలోని కాల్షియంతో నేరుగా కలిసి పట్టుకుంటుంది. 10 శాతం పాలీఆక్రిలిక్ ఆసిడ్ 20 సెకన్లు రాసి కడిగితే చాలంటారు. బలం ఎక్కువ కావాలంటే 37 శాతం ఫాస్ఫారిక్ ఆసిడ్‌నే వాడొచ్చు. పన్ను ఎండిపోకుండా కొద్దిగా తేమగా ఉండాలి. కాంపోజిట్‌కు అలవాటుపడిన చేయి ఇక్కడే తప్పు చేస్తుంది, తెల్లగా మెరిసేదాకా ఆరబెడుతుంది. ప్రయోగశాల అంకెల్లో ఇది కాంపోజిట్ కంటే తక్కువే. అయినా సగం వచ్చిన పళ్ళు, ఉమ్మి ఎక్కువగా ఊరే నోరు, చిగుళ్ళ నుంచి రక్తం చెమర్చే పిల్లల విషయంలో ఇదే నిలుస్తుంది. తీసేటప్పుడు పంటికి హాని తక్కువ. ఫ్లోరైడ్ వదులుతుంది కాబట్టి తెల్ల మచ్చలు రావని ఘనంగా ప్రచారం చేస్తారు గానీ, దానికి ఆధారాలు బలహీనమే. బ్రష్ చేయని పిల్లవాడిని ఏ జిగురూ కాపాడదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఫ్లోరైడ్ ఎక్కువై పాడైన పంటి మీద ఫ్లోరైడ్ వదిలే జిగురు వాడొచ్చా? వాడొచ్చు. ఫ్లోరోసిస్ అనేది ఎనామెల్ తయారయ్యేటప్పుడు వచ్చే లోపం. పన్ను బయటికి వచ్చాక జిగురు నుంచి ఊరే కాస్త ఫ్లోరైడ్ ఆ మచ్చలను పెంచదు.

ఎండ, కరెంటు, నీళ్ళు

కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే. జిగుర్ల పెట్టెల మీద రాసే నిల్వ ఉష్ణోగ్రత సాధారణంగా 25 డిగ్రీల లోపు. ఏసీ ఆపి తాళం వేసిన క్లినిక్ ఆదివారం ఎలా ఉడుకుతుందో తెలిసిందే. ప్రైమర్ సీసాలోని సాల్వెంట్ ఆవిరైపోతుంది, చిక్కబడిన ప్రైమర్ రంధ్రాల్లోకి దిగదు. పేస్టు గడువు తేదీకి ముందే చెడిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టడం మంచిదే, కానీ ఫ్రిజ్ నుంచి తీసి వెంటనే వాడకూడదు. చల్లటి సిరంజి మీద గాలిలోని తేమ నీరుగా చేరుతుంది, పేస్టు బిగిసి బ్రాకెట్ వెనక ఉండే సన్నని లోహపు వలలోకి దిగదు. అరగంటైనా బయట ఉంచి వాడాలి. ఇందుకు విరుద్ధమైన తిప్పలు కరెంటు పోయిన మధ్యాహ్నం వస్తాయి. వేడికి పేస్టు పల్చబడి బ్రాకెట్ పెట్టిన చోట ఆగకుండా చిగురు వైపు జారుతుంది. అలాంటప్పుడు నాలుగైదు పళ్ళకు ఒకేసారి పెట్టకుండా, ఒక్కో బ్రాకెట్ కుదరగానే లైట్ కొట్టేయాలి. గ్లాస్ అయోనమర్ పొడీ ద్రవమూ కలిపేవాళ్ళు గాజు పలకను చల్లబరిచి, తడి లేకుండా తుడిచి వాడితే పని చేసే సమయం పెరుగుతుంది.

బోరు నీటి సున్నం త్రీ-వే సిరంజి (నోట్లోకి నీళ్ళు, గాలి కొట్టే గొట్టం) రంధ్రాలను పూడ్చి ధారను సన్నం చేస్తుంది. ఆసిడ్ కరిగించిన ఖనిజం పూర్తిగా కొట్టుకుపోవాలంటే ఒక్కో పంటికి పది సెకన్లైనా బలమైన ధార కావాలి. రోగి కుర్చీకి ఉండే నీటి సీసాలో ఫిల్టర్ నీళ్ళు వాడితే సగం తలనొప్పి తగ్గుతుంది. గాలి ఊదే కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీరు, నూనె కంటికి కనిపించని మరో శత్రువు. ఎండిన నోటి అద్దం మీద ఐదు సెకన్లు గాలి ఊది చూస్తే తెలిసిపోతుంది. అద్దం మీద చెమ్మ గానీ జిడ్డు గానీ కనిపిస్తే ఆ గాలితో ఆరబెట్టిన ఏ పంటి మీదా జిగురు నిలవదు. ట్యాంకు నీటిని రోజూ సాయంత్రం వదిలేయాలి.

లైట్ సంగతి

ఈ జిగుర్లలో ఎక్కువగా ఉండే క్యాంఫర్‌క్వినోన్ 470 నానోమీటర్ల దగ్గరి నీలికాంతికి స్పందిస్తుంది. స్టీలు బ్రాకెట్ వెలుతురును పోనివ్వదు కాబట్టి ముందు నుంచి ఎంతసేపు పెట్టినా వృథా. రెండు పక్కల అంచుల నుంచి, వీలైనంత దగ్గరగా పెట్టాలి. చదరపు సెంటీమీటరుకు 1000 మిల్లీవాట్ల ఎల్‌ఈడీ లైట్ అయితే ఒక్కో పక్క 10 సెకన్లు. లైట్ మొన మీద అంటుకుని ఎండిన జిగురు, దాని మీద తొడిగే ప్లాస్టిక్ కవరు, అరిగిన బ్యాటరీ కలిసి ఆ 1000ని సగానికి దించగలవు. లైట్ నీలంగా వెలుగుతున్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు. నెలకోసారి రేడియోమీటర్‌తో కొలవాలి. కుర్చీ పైన పెద్ద దీపం నేరుగా నోట్లోకి పడుతుంటే పేస్టు అప్పటికే అంచుల్లో బిగుసుకోవడం మొదలవుతుంది. బ్రాకెట్ సర్దేటప్పుడు ఆ దీపాన్ని కాస్త పక్కకు తిప్పాలి.

ఊడిన బ్రాకెట్‌ను తిప్పి చూస్తే

బ్రాకెట్ ఊడి వచ్చినప్పుడు దాన్ని చెత్తబుట్టలో వేసేముందు వెనక్కి తిప్పి చూడాలి. ఇది ఖర్చులేని పరీక్ష. 1984లో ఆర్టున్, బెర్గ్‌లాండ్ పంటి మీద మిగిలిన జిగురును సున్నా నుంచి మూడు వరకు లెక్కించే పద్ధతి ఇచ్చారు. పంటి మీద ఏమీ మిగలకుండా జిగురంతా బ్రాకెట్ వెనకే ఉంటే తప్పు పంటి వైపు జరిగింది: ఉమ్మి తగిలింది, ఎచింగ్ చాలలేదు, గాలిలో నూనె ఉంది, లేదా ఫ్లోరైడ్ పైపొర లొంగలేదు. అప్పుడు జిగురు కంపెనీ మార్చి లాభం లేదు, పంటిని సిద్ధం చేసే పద్ధతి మారాలి. దీనికి భిన్నంగా జిగురంతా పంటి మీదే ఉండి బ్రాకెట్ వల శుభ్రంగా కనిపిస్తే, పేస్టును వలలోకి అదమలేదు, బ్రాకెట్ వెనక చేతి తొడుగు తగిలింది, లేదా లైట్ కిందిదాకా చేరలేదు. పై పన్ను నేరుగా ఆ బ్రాకెట్‌నే కొరుకుతున్నా ఇలాగే ఊడుతుంది. కొరుకుడు కాగితం పెట్టి చూసి, అవసరమైతే దవడ పళ్ళ మీద గ్లాస్ అయోనమర్‌తో ఎత్తు కట్టాలి. జిగురు మధ్యలోనే చీలి రెండు వైపులా సగం సగం ఉంటే పేస్టు పాతబడిందని గానీ, బుడగలున్నాయని గానీ, గట్టిపడేలోపు బ్రాకెట్ కదిలిందని గానీ అనుమానించాలి. ఏ పన్ను, ఏ జిగురు, ఎటువైపు ఊడింది అని మూడు మాటలు ఒక పుస్తకంలో రాస్తూ పోతే, నాలుగైదు నెలల్లో ఆ క్లినిక్ లోపం ఎక్కడుందో ఆ పుస్తకమే చూపిస్తుంది.

మళ్ళీ అతికించేటప్పుడు కొత్త బ్రాకెట్ వాడితే మంచిది. పాతదే వాడాలంటే వెనక జిగురును అల్యూమినా పొడితో ఊది వల బయటపడేలా చేయాలి. నిప్పులో కాల్చితే లోహం మెత్తబడుతుంది. పంటి మీది పాత జిగురును టంగ్‌స్టన్ కార్బైడ్ బర్‌తో, తక్కువ వేగంలో తీసి మళ్ళీ ఎచింగ్ చేయాలి.

ఇంటి దగ్గర జరిగే నష్టం కొంత ఉంది. మొదటి రోజు 0.014 అంగుళం నికెల్ టైటానియం లాంటి మెత్తటి తీగతో మొదలుపెట్టినా, ఆ రాత్రే నాటుకోడి బొక్కలు కొరికితే ఏ జిగురూ ఆగదు. చెరుకు గడ, పచ్చి జామకాయ, నిప్పట్లు, శనక్కాయ చిక్కీ ఇవన్నీ బ్రాకెట్‌ను పక్క నుంచి పెకలించేవే. 'గట్టివి తినొద్దు' అని గాలివాటంగా చెప్పకుండా ఇలా పేరు పేరునా చెబితేనే పిల్లలకు ఎక్కుతుంది. సంగటి, ఉగ్గాని, పప్పులో నానిన రొట్టె నిరభ్యంతరంగా తినొచ్చు. ఊడిన బ్రాకెట్‌ను ఇంట్లో క్విక్ గమ్ముతో అతికించుకుని వచ్చేవాళ్ళూ ఉన్నారు. ఆ సయనోఅక్రిలేట్ తడిలో విడిపోతుంది, విడిపోయేలోపు చిగురును కాలుస్తుంది, బ్రాకెట్ వంకరగా అతుక్కుంటే పన్ను తప్పు దిక్కుకు జరుగుతుంది. దూరం నుంచి వచ్చేవాళ్ళకు మొదటి రోజే కాస్త ఆర్థో మైనం ఇచ్చి, ఊడిన బ్రాకెట్ గుచ్చుకుంటే దాని మీద అదమమని, ఫోన్ చేసి చెప్పి వీలైన రోజు రమ్మని చెప్పాలి.

చివరిగా తీసే రోజు. గుంటలున్న ఫ్లోరైడ్ పంటి నుంచి బ్రాకెట్‌ను మెలితిప్పి లాగకూడదు. ప్లయర్‌తో దాని రెక్కలను నొక్కి వంచితే లోహం జిగురు నుంచి విడిపోతుంది, జిగురు పంటి మీద మిగిలిపోతుంది, ఎనామెల్ క్షేమంగా ఉంటుంది. మిగిలిన జిగురు, గుంటల్లో ఉన్న పాత మచ్చలు రెండూ ఒకే రంగులో కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి పంటిని ఆరబెట్టి చూసుకుంటూ తీయాలి. చికిత్సకు ముందే ఆరిన పళ్ళ ఫోటోలు తీసి ఉంచితే, ఏ మచ్చ బోరు నీటిది, ఏ మచ్చ క్లిప్పుల కాలంలో పాచి వల్ల వచ్చింది అన్నది ఆ రోజు తల్లిదండ్రుల ముందు పెట్టి చూపించవచ్చు.